షెరీఫుల సినిమాలు మనకెందుకు నచ్చుతాయి?

ప్రశ్న – హనుమకొండ:
అమెరికా ఎడారులతో ఏ సంబంధమూ లేని మా నాన్నగారు, షెరీఫులూ (అక్కడి పోలీసు అధికారులు) తుపాకీవీరులూ ఉన్న సినిమా టీవీలో వస్తే భోజనం కూడా మరచిపోతారు. ఆ ఆకర్షణ ఎక్కడిది?

జవాబు – కాజీపేట:
1971లోనే కృష్ణ గారు ‘మోసగాళ్లకు మోసగాడు’లో కౌబాయ్‌గా వచ్చారు కనుక, ఆ తరానికి ఆ టోపీ పరాయిది కాదు.

జవాబు – జనగామ:
టోపీ, గుర్రం పైపై హంగులేనని నా అభిప్రాయం. 1952 నాటి హాలీవుడ్ సినిమా ‘హై నూన్’లో, పగబట్టిన హంతకుడు మధ్యాహ్నపు రైలులో దిగుతాడని తెలిసి మార్షల్ (షెరీఫు లాంటి ఊరి పోలీసు అధికారి) ఊరంతా తిరిగి సాయమడిగితే, ఒక మిత్రుడు ఇంట్లోనే ఉండి లేనని భార్యతో చెప్పిస్తాడు, చివరికి గెలిచిన మార్షల్ ఛాతీ మీది నక్షత్రపు బిళ్లను దుమ్ములో పడేసి వెళ్లిపోతాడు. దొరల గడీల కథలు వింటూ పెరిగిన మనకు ఆ ఒంటరితనం కొత్త కాదు.

ప్రశ్న అడిగినవారు:
అయితే వాటిలో చాలా సినిమాలు అక్కడి మూలవాసులను శత్రువులుగానే చూపాయి కదండీ?

జవాబు – జనగామ:
నిజమే, అటువంటివాటిని నేను మళ్లీ చూడలేను.