విదేశీ కస్టమర్లకు వాళ్ల కరెన్సీలో ధర చూపించడం: మీరెలా చేస్తున్నారు?

అంగడి_నెట్
చేతితో చేసిన వస్తువులు అమ్మే చిన్న ఆన్‌లైన్ స్టోర్ నడుపుతున్నాను. ధరలన్నీ డాలర్లలోనే ఉన్నాయి, కొనేవాళ్లు మాత్రం చాలా దేశాల నుంచి వస్తున్నారు. కార్ట్ దాకా వచ్చి ఆగిపోయేవాళ్లు ఎక్కువ. మెయిల్స్‌లో తరచూ అడిగేది "మా కరెన్సీలో ఎంతవుతుంది?" అనే. దేశాన్ని బట్టి ధర మార్చి చూపే ప్లగిన్లు (స్టోర్‌కు అదనంగా తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్లు) బోలెడున్నాయి. ఒకటి పెట్టేస్తే సరిపోతుందా, ఇంకేమైనా చూసుకోవాలా?

పద్దుల_మనిషి
ప్లగిన్ సంగతి తర్వాత. ధర మాత్రమే ఆ కరెన్సీలో చూపిస్తారా, డబ్బు కూడా అందులోనే తీసుకుంటారా? ముందు అది తేల్చుకోండి. చాలా ప్లగిన్లు చేసేది మొదటిదే. కస్టమర్ యూరోల్లో ధర చూసి కొంటాడు. మీ గేట్‌వే, అంటే కార్డు నుంచి డబ్బు తీసుకుని మీకు చేర్చే సేవ, డాలర్లలో వసూలు చేస్తుంది. అతని బ్యాంకు తన రేటుతో మళ్లీ యూరోలకు మారుస్తుంది, పైన విదేశీ లావాదేవీ ఫీజు కూడా వేయొచ్చు. స్టేట్‌మెంట్‌లో కనిపించే మొత్తానికీ, మీ పేజీలో చూసిన దానికీ పొంతన ఉండదు. బ్యాంకు ఏం చేసిందో అతనికి తెలియదు, మీరు చెప్పిన ధర మాత్రం గుర్తుంటుంది. అక్కడే నమ్మకం పోతుంది.

అందుకే నా మాట ఒకటే: చూపిన కరెన్సీలోనే వసూలు చేయండి. మీ గేట్‌వే ఏయే కరెన్సీల్లో డబ్బు తీసుకోగలదో అడిగి, అవి మాత్రమే స్టోర్‌లో పెట్టండి. ఇరవై కరెన్సీలు చూపించడం కన్నా నిజంగా వసూలు చేయగలిగిన నాలుగు మేలు.

సరుకు_సంచి
అలాంటి గేట్‌వే అందరికీ దొరకదు కదండీ. మాకు ఒకే కరెన్సీలో వసూలు కుదురుతుంది. అసలు ధర పెద్దగా, దాని కింద స్థానిక కరెన్సీలో "సుమారు ఇంత" అని చిన్నగా చూపిస్తున్నాం. చెకౌట్‌లో డబ్బు కట్టే బటన్ పక్కనే "మీ కార్డు నుంచి డాలర్లలో తీసుకుంటాం, మీ బ్యాంకు రేటును బట్టి మొత్తం కొంచెం మారవచ్చు" అని రాశాం. ఆ వాక్యం పెట్టాక ఫిర్యాదులు దాదాపు ఆగిపోయాయి. మూలన ఎక్కడో నిబంధనల పేజీలో రాస్తే ఎవరూ చదవరు.

పద్దుల_మనిషి
అలా స్పష్టంగా చెబితే నాకూ అభ్యంతరం లేదండీ. ఆ "సుమారు" అనే మాట లేకుండా చూపించేవాళ్ల గురించే నా బాధ.

కోడ్_కొలిమి
ఇలాంటి స్టోర్లు కట్టడమే నా పని. ఎక్కువగా దెబ్బ తగిలే చోట్లు చెబుతాను.

మొదటిది పైసల లెక్క. అన్ని కరెన్సీలకూ దశాంశం తర్వాత రెండు అంకెలు ఉండవు. జపాన్ యెన్, కొరియా వాన్‌లకు అసలు ఉండవు. కువైట్ దినార్, బహ్రెయిన్ దినార్‌లకు మూడు. చాలా గేట్‌వేలు మొత్తాన్ని ఆ కరెన్సీలోని అతి చిన్న యూనిట్లలో (డాలర్లైతే సెంట్లలో) అడుగుతాయి. కోడ్ అలవాటుగా 100తో గుణిస్తే యెన్‌లో కొన్నవాడికి వంద రెట్లు పడుతుంది. ఏ కరెన్సీకి ఎన్ని అంకెలో ఐఎస్ఓ 4217 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉంటుంది, దాన్నే ఆధారం చేసుకోండి.

రెండోది పేజీ క్యాషింగ్ (cache), అంటే తయారైన పేజీని దాచిపెట్టి మళ్లీ వాడటం. సర్వర్ ఒక దేశానికి తయారుచేసిన పేజీని దాచుకుని, అదే ఇంకో దేశం వాళ్లకు ఇచ్చేస్తుంది. మీరు పరీక్షించినప్పుడు అంతా బాగానే ఉంటుంది, కస్టమర్‌కు మాత్రం వేరే కరెన్సీ కనిపిస్తుంది. మీ స్టోర్ వూకామర్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టిందైతే, అందులో పేజీ క్యాషింగ్‌తో కలిసి పనిచేసే జియోలొకేషన్ (కస్టమర్ ఏ దేశంలో ఉన్నాడో గుర్తించే) ఆప్షన్ విడిగా ఉంది, అది ఎంచుకోండి.

మూడోది గూగుల్. సెర్చ్ కోసం పేజీలు చదివే గూగుల్ ప్రోగ్రామ్ గూగుల్‌బాట్ మామూలుగా అమెరికా ఐపీల (ఏ దేశం నుంచి వచ్చారో తెలిపే ఇంటర్నెట్ అడ్రస్‌ల) నుంచే వస్తుంది, కాబట్టి ఐపీని బట్టి ధర మార్చితే దానికి కనిపించేది డాలర్ ధరే. గూగుల్‌లో వస్తువులు చూపించడానికి మర్చంట్ సెంటర్‌కు ఇచ్చే జాబితాలో (ఫీడ్‌లో) యూరో ధర ఇచ్చి, పేజీలో డాలర్ కనిపిస్తే ఆ వస్తువును తిరస్కరిస్తారు. ఒక్కో కరెన్సీకి విడి యూఆర్‌ఎల్ ఉంటే ఈ తలనొప్పి ఉండదు.

దేశం–కరెన్సీ పట్టిక కూడా అప్పుడప్పుడు చూసుకోవాలి. క్రొయేషియా 2023 జనవరి 1న తన పాత కరెన్సీ కూనా వదిలి యూరోకు మారింది. పాత ప్లగిన్లలో ఇలాంటివి మిగిలిపోతాయి.

ప్రయాణంలో_నేను
కొనేవాళ్ల వైపు నుంచి ఒక మాట. నేను పనిమీద వేరే దేశాల్లో ఉంటాను, కార్డు మాత్రం మా దేశానిదే. ఐపీ చూసి కరెన్సీ మార్చేసి, వెనక్కి మార్చుకునే దారి లేకుండా చేసే సైట్లలో నేను కొనడం మానేశాను. కరెన్సీ ఎంచుకునే బటన్ పేజీ పైనే పెట్టండి, ఎంచుకున్నది గుర్తుపెట్టుకోండి. డాలర్ గుర్తు ఒక్కటే వేసినా టెన్షనే. అమెరికాదా, కెనడాదా, ఆస్ట్రేలియాదా, సింగపూర్‌దా? పక్కన USD, CAD లాంటి కరెన్సీ కోడ్ కూడా రాయండి.

కోడ్_కొలిమి
నిజం. అడగకుండా మార్చేయడం గురించి యూరోపియన్ యూనియన్‌లో అమ్మేవాళ్లకు చట్టమే ఉంది. 2018 డిసెంబరు 3 నుంచి అమల్లో ఉన్న జియోబ్లాకింగ్ (దేశాన్ని బట్టి కస్టమర్లను అడ్డుకోవడంపై) నిబంధనల ప్రకారం, కస్టమర్ ఒప్పుకోకుండా అతన్ని వేరే దేశం వెర్షన్‌కు మళ్లించకూడదు. అక్కడ వినియోగదారులకు చూపే ధరలో వ్యాట్ కలిసే ఉండాలి. అమెరికాలో సేల్స్ ట్యాక్స్ మామూలుగా చివర్లో కలుస్తుంది. కాబట్టి రేటుతో గుణించేస్తే పని అయిపోదు.

అంగడి_నెట్
చాలా విషయాలు తెలిశాయి, అందరికీ థ్యాంక్స్. రేటు ఎక్కడి నుంచి తీసుకోవాలి? రోజూ మార్చాలా?

పద్దుల_మనిషి
యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ పనిదినాల్లో సాయంత్రం 4 గంటల ప్రాంతంలో, వాళ్ల టైమ్ ప్రకారం, రిఫరెన్స్ రేట్లు, అంటే పోల్చి చూసుకోవడానికి వాడే మారకపు రేట్లు, ప్రకటిస్తుంది. అవి సమాచారం కోసమేనని వాళ్లే చెబుతారు. మీ గేట్‌వే ఆ రేటుకు మార్చదు, తన ఫీజు కలుపుకుంటుంది. ఆ తేడాను ధరలో కలపకపోతే ప్రతి ఆర్డర్‌లో కొంత మీ జేబులోంచి పోతుంది.

ఎక్కువ అమ్మకాలున్న కరెన్సీలకు ధరలు మీరే గుండ్రంగా నిర్ణయించి, కొన్ని నెలలకోసారి సరిచూసుకోవడం నాకు నచ్చిన పద్ధతి. పొద్దున చూసిన ధర సాయంత్రానికి మారితే కొనేవాడు వెనకాడతాడు. బాగా ఊగిసలాడే కరెన్సీలకు మాత్రం ఇది పనికిరాదు, అక్కడ రోజువారీ రేటే పెట్టండి.

సరుకు_సంచి
రిఫండ్ సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. మీరు డాలర్లలో మొత్తం తిరిగిచ్చినా, ఆ రోజు బ్యాంకు రేటు వేరైతే కస్టమర్‌కు తక్కువ చేరవచ్చు.

పద్దుల_మనిషి
అతని కరెన్సీలోనే వసూలు చేసి ఉంటే ఎంత తీసుకున్నారో అంతే తిరిగివ్వండి, రేటు తేడా మీరే భరించండి. అందుకోసం ప్రతి ఆర్డర్‌లో కరెన్సీ, మొత్తం, ఆ రోజు రేటు మూడూ నమోదయ్యేలా మొదటి రోజు నుంచే పెట్టించుకోండి.