స్పిన్నర్ తిరగకపోతే తప్పు క్లెవిస్‌దా, దాని కింది పూసదా?

కొత్తగాలం:
ఇంట్లో ఎనిమిది ఇన్‌లైన్ స్పిన్నర్లు చేశాను, అదే, నీళ్లలో లాగితే తీగ చుట్టూ రేకు తిరిగి చేపని రప్పించే గాలం ఎరలు. 0.6 మి.మీ. స్టెయిన్‌లెస్ తీగ, 2వ నంబర్ సైజు ఫ్రెంచ్ రకం రేకు, ఆ రేకుని తీగకి తగిలించే స్టిరప్ క్లెవిస్, దాని కింద ప్లాస్టిక్ పూస, ఆ తర్వాత ఇత్తడి బాడీ, చివర మూడు కొక్కేల హుక్. ఐదు బాగానే తిరుగుతున్నాయి. మూడు మాత్రం నీళ్లలో పడ్డాక ఒక గుంజు గుంజితే గానీ కదలవు, లైను నెమ్మదిగా చుట్టినా మధ్యలో ఆగిపోతున్నాయి. స్టిరప్ పారేసి ఫోల్డెడ్ క్లెవిస్ వాడమంటున్నాడు మా ఫ్రెండ్. నిజంగా అంత తేడా ఉంటుందా?

పాతతీగ:
ఉంటుంది, మీ ఫ్రెండ్ చెప్పింది కరెక్ట్. ఫోల్డెడ్ అంటే సన్నటి లోహపు పట్టీని మడిచి రెండు చివర్లా బెజ్జం పెట్టింది, తీగ మీద నిలకడగా కూర్చుంటుంది. స్టిరప్ వంచిన కడ్డీ లాంటిది, చిన్న సైజుల్లో కాస్త పక్కకి ఒరిగినా తీగని పట్టేస్తుంది. చిన్న రేకులకి నేను ఫోల్డెడ్ తప్ప వేరేది వాడను.

ఇత్తడిపూస:
అన్నా, అదే స్టిరప్‌తో ఐదు తిరుగుతున్నాయని ఆయనే చెప్తుంటే తప్పు స్టిరప్‌దెలా అవుతుంది? నన్నడిగితే ఆ ప్లాస్టిక్ పూసే దొంగ. చుట్టేటప్పుడు నీటి ఒత్తిడికి క్లెవిస్ వెనక్కి జరిగి పూస మీద ఆనుతుంది, తిరిగినంతసేపూ రాపిడంతా అక్కడే. ప్లాస్టిక్ మెత్తన కాబట్టి లోహపు అంచు దాన్ని కోసుకుంటూ గాడి చేస్తుంది, ఆ గాడిలో ఇరుక్కుంటే ఇంక కదలదు. పూస బెజ్జం పెద్దదైతే మరీ ఘోరం, పూసే పక్కకి ఒరిగిపోతుంది. క్లెవిస్ కింద నున్నటి గుండ్రటి ఇత్తడి పూస, తీగకి సరిపడా బెజ్జం ఉన్నది పెట్టండి. రంగు పూసలు కావాలంటే దాని కింద ఎన్నైనా గుచ్చుకోండి, వాటిని ఎవరూ వద్దనరు.

పాతతీగ:
పూస సంగతి ఒప్పుకుంటా. కానీ మంచి పూస పెట్టినా స్టిరప్ మొరాయించడం నా చేతుల్లోనే చూశాను.

లోతునీరు:
మీరిద్దరూ క్లెవిస్ చుట్టూనే తిరుగుతున్నారు. పాంథర్ మార్టిన్ బ్రాండ్ స్పిన్నర్‌కి అసలు క్లెవిస్సే లేదు, తీగ నేరుగా రేకులోంచే పోతుంది, అయినా గిర్రున తిరుగుతుంది. రేకు చూడండి ముందు. కొలరాడో రేకు గుండ్రంగా ఉంటుంది, తీగకి దూరంగా విచ్చుకుని తిరుగుతుంది, నెమ్మదిగా లాగినా అందుకుంటుంది, కాకపోతే ప్రవాహంలో స్పిన్నర్‌ని పైకి లేపేస్తుంది. విల్లో రేకు ఆకులా సన్నగా తీగని అంటిపెట్టుకుని తిరుగుతుంది, లోతులో ఉంటుంది గానీ వేగం ఎక్కువ కావాలి. పైగా రేకు మందంగా ఉంటే ఏ రకమైనా మొదలవడానికి బద్ధకిస్తుంది.

ఇత్తడిపూస:
పాంథర్ మార్టిన్ రేకుని ఆ పద్ధతికి తగ్గట్టే వంచి బెజ్జం పెడతారు సార్. మామూలు రేకుకి మనం బెజ్జం కొట్టి తీగ దూరిస్తే అలా తిరగదు. ఆయన ఎనిమిదింటికీ ఒకే రేకు వాడారు కదా, ఇక రేకు రకం గురించి ఇక్కడెందుకు?

లోతునీరు:
ఒకే రకమైనా సరిగ్గా పెట్టారో లేదో ఎవరికి తెలుసు. లోపలికి గుంటగా ఉండే వైపు తీగ వైపే ఉందా?

కొత్తగాలం:
అంత మాత్రం తెలుసండీ 🙂

చిన్నగాలం:
నాదొక మాట. క్లెవిస్ సైజు కూడా చూడండి, రేకు బెజ్జం దగ్గర క్లెవిస్ బిగుతుగా ఉంటే రేకు ఊగదు, ఊగకపోతే నీటిని పట్టదు. వేలితో అటూ ఇటూ ఆడిస్తే వదులుగా పడాలి. ఇంకోటి, రేకు కిందికి వేలాడినప్పుడు దాని కొన హుక్‌కి తగలకూడదు, తగిలితే బాడీ పొట్టిగా ఉందని అర్థం, రెండు పూసలు కలపండి. నీళ్లలోకి వెళ్లక్కర్లేదు, పై లూప్ పట్టుకుని నోటితో గట్టిగా ఊదినా తేడా తెలిసిపోతుంది. (లైను మెలిపడటం గురించి ఎవరూ ఎత్తలేదు, స్పిన్నర్‌కి ముందు ఒక స్వివెల్ (తనలో తాను తిరిగే కొండీ) కడతారనే అనుకుంటున్నా.)

పాతతీగ:
బాడీకి సీసం మాత్రం వాడొద్దు. ఇత్తడి దానికన్నా తేలికే, అయినా కొంచెం పొడుగు పెంచితే అదే బరువు వస్తుంది. బ్రిటన్‌లో 1987లోనే గాలానికి కట్టే చిన్న సీసం గుండ్లని నిషేధించారు, హంసలు మింగి చచ్చిపోతున్నాయని.

కొత్తగాలం:
మూడూ విప్పి చూశాను. క్లెవిస్ ముట్టుకోలేదు, ప్లాస్టిక్ పూసల బదులు ఇత్తడివి పెట్టాను, అంతే. ఊదగానే రెండు తిరిగాయి, పాత పూసల మీద గాడి కూడా కనిపించింది. మూడోది మాత్రం చచ్చినా కదల్లేదు.

లోతునీరు:
రేకు?

కొత్తగాలం:
తిరగేసి పెట్టాను. గుంట వైపు బయటికి ఉంది. ఏమీ అనకండి.

పాతతీగ:
అయినా నేను ఫోల్డెడే వాడతా.