హైస్కూల్‌ని 4 లర్నింగ్ కమ్యూనిటీలుగా విడగొడుతున్నాం, టైంటేబుల్ కుదరట్లేదు

ప్రశ్న: అమెరికాలో పబ్లిక్ హైస్కూల్, 9 నుంచి 12 వరకు 1,600 మంది. లర్నింగ్ కమ్యూనిటీ అంటే పెద్ద స్కూల్లోనే సొంత టీచర్లతో నడిచే చిన్న స్కూల్ లాంటిది; కమ్యూనిటీకి 400 చొప్పున నాలుగు. టైంటేబుల్‌లో ముందు ఏది వేయాలండీ?

జవాబు 1: ఒకే సెక్షన్ ఉండే బ్యాండ్ (సంగీతం), ఏపీ ఫిజిక్స్ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి ఫిజిక్స్) లాంటివి ముందు వేయండి. నాలుగింటికీ ఉమ్మడిగా, రోజు మొదట్లోనో చివర్లోనో. నడిమధ్యలో పెడితే ఆ ఒక్క క్లాసు కోసం ఇంగ్లిష్, మ్యాథ్స్ కూడా పక్క కమ్యూనిటీలో చదవాల్సొస్తుంది; ఇక అది పేరుకే కమ్యూనిటీ. బ్యాండ్, ఏపీ ఫిజిక్స్ మాత్రం ఒకే పీరియడ్‌లో పడకూడదు, చాలాసార్లు ఆ రెండూ అడిగేది ఒకే పిల్లలు.

జవాబు 2: తర్వాత టీచర్ల ఉమ్మడి ప్లానింగ్. ఒక్కో కమ్యూనిటీలో తొమ్మిదో తరగతి 100 మందికి నలుగురు టీచర్లు, 25 మందితో నాలుగేసి సెక్షన్లు. నలుగురికీ ఒకే పీరియడ్ ఖాళీ రావాలంటే ఆ 100 మందీ అప్పుడు పీఈకో (వ్యాయామం క్లాసు) ఆర్ట్స్‌కో వెళ్లాలి. జిమ్ ఖాళీ చూసుకోకుండా ఇది రాసుకుంటే అంతా మొదటికొస్తుంది.

ప్రశ్న వేసినవారు: గదుల సంగతి?

జవాబు 1: ఒక్కో కమ్యూనిటీ ఒకే అంతస్తులో ఉంటే మేలు. ల్యాబులు కదలవు, నీళ్లు, గ్యాస్ పైపులన్నీ ఒకే వింగ్‌లో ఉంటాయి కదా. సైన్స్‌కి నడక తప్పదు.

జవాబు 3: చేరికని పూర్తిగా పిల్లల ఇష్టానికే వదలకండి. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) థీమ్ ఉన్న కమ్యూనిటీలోకి మార్కులున్నవాళ్లంతా చేరిపోతారు. మూడు ఆప్షన్లు తీసుకుని, మార్కులూ స్పెషల్ ఎడ్యుకేషన్ అవసరాలూ చూసి సర్దండి.