మాన్‌హట్టన్‌కు రై విస్కీయే కావాలా, బోర్బన్ సరిపోదా?

తూర్పుతీరం:
విస్కీ, తీపి ఎర్ర వెర్మూత్ (మూలికలు వేసిన వైన్), అంగోస్తురా బిట్టర్స్ (చేదు మూలికల సారం) మూడింటినీ మంచుముక్కలతో కలియబెట్టి, వడకట్టి ఇచ్చే కాక్‌టెయిల్ అయిన మాన్‌హట్టన్‌ను ఇప్పుడు ఎక్కువ బార్లలో, అడగకుండానే, బోర్బన్‌తో చేస్తున్నారు. అది సరికాదని నా వాదన. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం పద్ధతిలో 50 మి.లీ. రై విస్కీ (రై అనే ధాన్యంతో చేసేది), 20 మి.లీ. తీపి వెర్మూత్ అని స్పష్టంగా ఉంది. వెర్మూత్ ఎలాగూ తీపి. దానికి మొక్కజొన్నతో చేసిన బోర్బన్ తీపి తోడైతే గ్లాసులో పానకమే మిగులుతుంది. రైలో మిరియాల వంటి ఘాటు ఉంటుంది కనుక అది ఆ తీపికి ఎదురు నిలుస్తుంది. చరిత్ర కూడా రై వైపే ఉంది. అమెరికా తూర్పున ఉన్న పెన్సిల్వేనియా, మేరీలాండ్ ప్రాంతాల విస్కీ రైదే. జార్జ్ వాషింగ్టన్ మౌంట్ వెర్నన్ బట్టీలో 1799లో తీసిన దాదాపు 11,000 గ్యాలన్ల సారాలో రై 60 శాతం, మొక్కజొన్న 35 శాతం. 1920 నుంచి 1933 వరకు సాగిన మద్యనిషేధం తూర్పు రాష్ట్రాల రై బట్టీలను దెబ్బతీయడం వల్ల, తరువాత బార్లలో ఆ ఖాళీని కెంటకీ బోర్బన్ నింపింది తప్ప, రుచిలో గెలిచి ఆ స్థానానికి రాలేదు.

పీపా_పక్షం:
తూర్పుతీరం గారు రుచికి చెప్పిన కారణం సగమే నిజం. బట్టీ పట్టిన సారాలో ధాన్యపు చక్కెర మిగలదు. పులియబెట్టేటప్పుడే ఈస్ట్ దానిని తినేస్తుంది. బోర్బన్‌లో మనకు తీపిగా తోచే గుణంలో పెద్ద భాగం పీపాదే. కొత్త ఓక్ పీపా లోపలి గోడలను నిప్పుతో బొగ్గు అయ్యేదాకా కాలుస్తారు. ఆ వేడికి చెక్కలోని చక్కెరలు కమిలి పాకం రుచిని, లిగ్నిన్ అనే చెక్క పదార్థం విడిపోయి వెనిలా వాసనను ఇస్తాయి. కెంటకీ వేసవికి సారా వ్యాకోచించి చెక్కలోకి చొరబడడం, చలికాలంలో వెనక్కి రావడం ఏళ్ల తరబడి సాగుతుంది. అమెరికా చట్టం ప్రకారం రై విస్కీని కూడా అదే విధంగా కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే ఉంచాలి. బట్టీ నుంచి 80 శాతం ఆల్కహాలు మించకుండా దింపడం, పీపాలోకి 62.5 శాతం మించకుండా పోయడం కూడా రెండింటికీ సమానమే. తేడా అంతా ధాన్యంలోనే ఉంది: మొక్కజొన్న కనీసం 51 శాతం ఉంటే బోర్బన్, రై కనీసం 51 శాతం ఉంటే రై.

ఈ 51 దగ్గరే లేబుల్ మనను తప్పుదారి పట్టిస్తుంది. ఫోర్ రోజెస్ అనే కంపెనీ వారి రెండు ధాన్యపు పాళ్లలో ఒకదానిలో 60 శాతం మొక్కజొన్న, 35 శాతం రై, 5 శాతం మొలకెత్తించిన బార్లీ ఉంటాయి, అది బోర్బన్. రిటెన్‌హౌస్‌లో 51 శాతం రై, 35 శాతం మొక్కజొన్న, 14 శాతం బార్లీ, అది రై. అదే బోర్బన్ పేరుతో అమ్మే మేకర్స్ మార్క్‌లో రై గింజ ఒక్కటీ ఉండదు. దాని స్థానంలో గోధుమ వేస్తారు. ఫోర్ రోజెస్ ఈ రెండింటిలో దేనికి దగ్గరో పాఠకులే చెప్పవచ్చు.

లెక్కల_మాస్టారు:
ఇద్దరూ ధాన్యాన్నే పట్టుకున్నారు. గ్లాసులో అంతకన్నా ముందు తెలిసేది సారా బలం. 60 మి.లీ. విస్కీ, 16 శాతం ఆల్కహాలున్న వెర్మూత్ 30 మి.లీ. తీసుకుందాం. మంచుతో కలియబెట్టినప్పుడు సుమారు 25 మి.లీ. నీరు చేరుతుందని అనుకుంటే మొత్తం 115 మి.లీ. అవుతుంది. విస్కీ 40 శాతానిదైతే గ్లాసులోని పానీయం 25 శాతానికి దిగుతుంది. 50 శాతానిదైతే 30 దగ్గర నిలుస్తుంది. బోర్బన్ మాన్‌హట్టన్ పలచగా, చప్పగా ఉందన్న ఫిర్యాదులలో చాలావరకు 40 శాతం సీసాలవేనని నా అనుమానం. 40 శాతం రైతో చేసినా అదే గతి పడుతుంది. సీసాపై "బాటిల్డ్ ఇన్ బాండ్" అని ఉంటే ఆ చిక్కు తీరుతుంది, ఎందుకంటే 1897 నాటి చట్టం ప్రకారం అది ఒకే బట్టీలో, ఒకే సీజనులో కాచినదై, ప్రభుత్వ పర్యవేక్షణలోని గోదాములో కనీసం నాలుగేళ్లు ఉండి, సరిగ్గా 50 శాతం బలంతో సీసాకెక్కాలి. కల్తీ విస్కీని అరికట్టడానికి తెచ్చిన చట్టం కాక్‌టెయిల్‌కు ఇలా కలిసొచ్చింది.

తూర్పుతీరం:
మాస్టారు గారి లెక్కను కాదనను. కాని బలం ఘాటును పెంచగలదే గాని, లేని సుగంధాన్ని పుట్టించలేదు. ఇండియానాలోని లారెన్స్‌బర్గ్‌లో 95 శాతం రై, 5 శాతం బార్లీతో చేసే విస్కీని అనేక కంపెనీలు కొని తమ పేరుతో అమ్ముతున్నాయి. దానిలోని సోంపు, పుదీనా ఛాయలు గోధుమ వేసిన బోర్బన్‌ను ఎంత బలంగా సీసాలో నింపినా రావు. పీపా_పక్షం గారు రెండు జాతులూ కలిసే సరిహద్దు నుంచి ఉదాహరణలు ఏరుకున్నారు. సరిహద్దు మసకగా ఉన్నంత మాత్రాన ఇరువైపులా రెండు దేశాలు లేవని అనలేము.

పాత_పుటలు:
చరిత్రను సాక్షిగా పిలిచారు కనుక ఒక మాట. 1880లలో అచ్చయిన తొలి మాన్‌హట్టన్ పద్ధతులలో కొన్ని విస్కీ కన్నా వెర్మూత్‌నే ఎక్కువ పోయమంటాయి. కొన్ని ఏ విస్కీయో కూడా చెప్పవు. "అసలు పద్ధతి" మీద అంత పట్టుంటే, రెండు పాళ్ల వెర్మూత్‌కు ఒక పాలు విస్కీ పోసుకుని తాగాలి. ఈ వేదికలో అందుకు సిద్ధపడేవారు కనబడరు. సాజెరాక్ అనే మరో కాక్‌టెయిల్ సంగతి ఇంకా తిరకాసు. రై పక్షం వారు దానిని తమ జెండాగా పట్టుకుంటారు, కాని అదే అంతర్జాతీయ సంఘం సాజెరాక్‌ను కోన్యాక్ అనే ఫ్రెంచి బ్రాందీతో చేయమంటుంది. న్యూ ఓర్లీన్స్‌లో మాత్రం రైతోనే పోస్తారు. సంఘం మాట మాన్‌హట్టన్‌కు వేదమై, సాజెరాక్‌కు కాకుండా పోవడం ఎలా?

ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే విస్కీ కాక్‌టెయిల్‌లో ఈ తగవు అంతగా లేకపోవడానికి కారణముంది. దానిలో విస్కీకి తోడు చక్కెర, బిట్టర్స్, కొద్దిగా నీరు తప్ప మరేమీ ఉండవు. బోర్బన్ పోసినప్పుడు చక్కెర తగ్గించుకుంటే సరిపోతుంది. సంఘం కూడా అక్కడ బోర్బన్ లేదా రై అని రెండింటినీ ఒప్పుకుంది. మాన్‌హట్టన్‌లో తీపి వెర్మూత్‌తోనే వస్తుంది కాబట్టి, దానిని తగ్గిస్తే పానీయమే మారిపోతుంది. తూర్పుతీరం గారి పక్షాన బలమైన వాదం ఇదే. చరిత్ర జోలికి పోకుండా ఉంటే బాగుండేది.

భాగ్యనగరి:
హైదరాబాదులో ఉన్నవారికి ఈ చర్చ కాస్త దూరంగానే తోస్తుంది. బోర్బన్‌పై దిగుమతి సుంకాన్ని 2025 ఫిబ్రవరిలో 150 శాతం నుంచి 100 శాతానికి తగ్గించినా, రాష్ట్ర పన్నులు కలిశాక ధర తక్కువేమీ కాదు. రై సీసా దుకాణంలో కనబడడమే అరుదు. జాక్ డేనియల్స్ మాత్రం దొరుకుతుంది. దానితో చేస్తే మీ ఇరుపక్షాలూ ఏమంటాయి?

పీపా_పక్షం:
జాక్ డేనియల్స్‌లో మొక్కజొన్న 80 శాతం, రై 8 శాతం మాత్రమే. పైగా పీపాలోకి పోయకముందే సారాను షుగర్ మేపుల్ బొగ్గుల గుండా చుక్కచుక్కగా దింపుతారు. టెనెసీ విస్కీ అనిపించుకోవడానికి ఆ రాష్ట్ర చట్టం 2013 నుంచి దానిని నిర్బంధం చేసింది. అందువల్ల మెత్తదనం వస్తుంది, వెర్మూత్ ముందు నిలిచే పదును తగ్గుతుంది. దానిని సోర్ అనే కాక్‌టెయిల్‌లో వాడండి. నిమ్మరసం పులుపే అక్కడ తీపిని అదుపు చేస్తుంది. మాన్‌హట్టనే కావాలంటే, రై పాలు ఎక్కువగా ఉండి, 45 శాతానికి పైబడిన బోర్బన్‌ను విమానాశ్రయ దుకాణంలో వెతకడం మేలు.

తూర్పుతీరం:
భాగ్యనగరి గారికి నా సలహా కూడా దాదాపు అదే. కాకపోతే బిట్టర్స్ ఒక చుక్క ఎక్కువ వేయండి. వెర్మూత్ వైన్ నుంచి చేసినదే కనుక, మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టి నెలా రెండు నెలల్లో వాడేయాలి. మన ఎండలకు అల్మారాలో నెలల తరబడి మగ్గిన వెర్మూత్‌తో చేస్తే రై పోసినా ప్రయోజనం ఉండదు. నా పట్టు మాత్రం సడలలేదు: రై, బోర్బన్ రెండూ దొరికే ఊరిలో ఉన్న బార్‌టెండర్, మాన్‌హట్టన్ అడిగినప్పుడు ఏది పోయాలని ఒక్క మాట అడగాలి, జవాబు రాకపోతే రైనే పోయాలి.