హైదరాబాద్–షికాగో విమాన దూరం: ఎక్సెల్‌లో 2,895 కి.మీ. ఎందుకొస్తోంది?

ప్రశ్న: అక్షాంశ, రేఖాంశాలుగా శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు 17.24, 78.43, షికాగో ఓహేర్ ఎయిర్‌పోర్టుకు 41.98, 87.90 ఇచ్చాను. జవాబు 2,895 కి.మీ. వస్తోంది. దుబాయ్‌కే రెండున్నర వేల కి.మీ. ఉంటుంది కదా! తప్పెక్కడుందో చెప్పగలరా?

జవాబు: షికాగో పశ్చిమ రేఖాంశంలో ఉందండీ. 87.90కి ముందు మైనస్ పెట్టాలి. అది లేకపోతే ఎక్సెల్ మిమ్మల్ని వాయవ్య చైనాలోని షిన్‌జియాంగ్‌కు తీసుకెళ్తుంది. మైనస్ పెడితే రేఖాంశాల తేడా 9.47 కాదు, 166.33 డిగ్రీలు.

లెక్క ఇలా: రెండు అక్షాంశాల సైన్‌లు గుణించండి (0.1982). రెండు అక్షాంశాల కాస్‌లనూ, రేఖాంశాల తేడా కాస్‌నూ గుణించండి (−0.6899). రెండూ కలిపితే −0.4916. దానికి ఆర్క్‌కాస్ (కాస్‌కు విలోమం, ఎక్సెల్‌లో ACOS) తీస్తే 2.0848 రేడియన్లు. భూమి సగటు వ్యాసార్థం 6,371తో గుణిస్తే 13,282 కి.మీ. ఎక్సెల్‌కు కోణాలు రేడియన్లలోనే కావాలి, కాబట్టి డిగ్రీలను ముందే మార్చుకోండి. భూమి కచ్చితమైన గోళం కాదు కనుక కొంత తేడా వస్తుంది, అదీ అర శాతం లోపే.

ఇంకో జవాబు: మైళ్లు కావాలంటే 1.609తో భాగించండి, దాదాపు 8,253. నాటికల్ మైళ్లకు (విమానాలు, ఓడల దూరాలకు వాడే మైళ్లు) 1.852తో, సుమారు 7,172. ఈ రెండు రకాల మైళ్లూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది, జాగ్రత్త.

ప్రశ్న: థాంక్సండీ, ఇప్పుడు సరిగ్గా వచ్చింది. ఢిల్లీలో మారితే దగ్గరా, దుబాయ్‌లో మారితేనా?

జవాబు: ఢిల్లీయే. హైదరాబాద్–ఢిల్లీ 1,267, ఢిల్లీ–షికాగో 12,021, మొత్తం 13,288. నేరుగా వెళ్లే దారికన్నా ఆరు కిలోమీటర్లే ఎక్కువ! మ్యాప్ మీద షికాగో పడమర దిక్కున కనిపిస్తుంది గానీ, అతి దగ్గరి దారి శంషాబాద్ నుంచి దాదాపు ఉత్తరానికే బయల్దేరుతుంది. ఢిల్లీకి 130 కి.మీ. లోపు పడమరగా సాగి, కశ్మీర్, కజకస్తాన్, ఉరల్ పర్వతాల మీదుగా 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి, గ్రీన్‌లాండ్, హడ్సన్ బే మీదుగా షికాగోకు దిగుతుంది. దుబాయ్ మీదుగా అయితే 2,547 + 11,640 = 14,187. అంటే 900 కి.మీ. అదనం.

కానీ ఇదంతా కాగితం మీది దూరం. విమానం అచ్చంగా ఈ గీత మీదే ఎగరదు. గాలులు, ఎత్తైన పర్వతాలు, మూసేసిన గగనతలాలు దారి మార్పిస్తాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసేశాక ఢిల్లీ నుంచి పడమరకు వెళ్లే మన విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చింది. అందుకే టికెట్ కొనేముందు కిలోమీటర్లు కాదు, ఆ తేదీకి ఎయిర్‌లైన్ ఇచ్చిన ప్రయాణ సమయం, మధ్యలో ఆగే గంటలు చూడండి.

సమయం అంచనాకు: దూరప్రయాణంలో పడమరకు వెళ్లేటప్పుడు గంటకు 850, తూర్పుకు వచ్చేటప్పుడు 920 కి.మీ. వేసుకుని, ఎక్కడానికి దిగడానికి అరగంట కలపండి. దుబాయ్–షికాగోకు ఇది 14 గంటల పైచిలుకు, తిరుగు ప్రయాణానికి 13 గంటల చిల్లర.