ఉన్నది ఒక్క రోజే, సూచనలో వాన: నారోస్‌లో దిగాలా, వద్దా?

బాటసారి:
రోడ్ ట్రిప్‌లో అమెరికాలో యూటాలోని జయాన్ నేషనల్ పార్క్‌కి మిగిలింది ఒక్క రోజు. ఆగస్టు నెల. వర్జిన్ నదిలో నడుచుకుంటూ నారోస్ అనే ఇరుకు రాతిలోయ చూడాలని ఎన్నాళ్ళుగానో కోరిక. ఆకస్మిక వరద అంచనా ‘పాజిబుల్’ (రావచ్చు) అని పెట్టారు. నా వాదన ఇది: నది ప్రవాహం 150 క్యూసెక్కులు దాటితే పార్క్ వాళ్ళే దారి మూసేస్తారు, వరద హెచ్చరిక వచ్చినా మూసేస్తారు. ఇప్పుడు మూయలేదు. ఆకాశం కూడా తేటగా ఉంది. ఇంకా భయమెందుకు?

ఎగువగట్టు:
వద్దంటాను. నెత్తిమీది ఆకాశాన్ని చూసి కాళ్ళకింది నీటిని నమ్మకూడదు. 1997 ఆగస్టు 12న అరిజోనాలో లోయర్ యాంటిలోప్ కాన్యన్ అనే సన్నటి రాతి సందులో 11 మంది వరదకి బలయ్యారు. ఆ వాన కురిసింది వాళ్ళ మీద కాదు, మైళ్ళ అవతల ఎగువన. ఆ రాతినేలలో నీరు ఇంకదు. పడ్డది పడ్డట్టే జారి సందులోకి వస్తుంది. పక్కలకి చోటు లేదు కాబట్టి పైకి లేస్తుంది.

తడిబూట్లు:
యాంటిలోప్‌నీ నారోస్‌నీ ఒకే గాటన కట్టకండి. అది మామూలు రోజుల్లో పొడిగా ఉండే సందు, ఇది ఏడాది పొడుగునా పారే నది. మొదటి మైలు చదునైన బాటే, ఆ తర్వాతే నీళ్ళలో దిగుతాం. పర్మిట్ లేకుండా బిగ్ స్ప్రింగ్ అనే చోటు దాకా వెళ్ళొచ్చు, కానీ మధ్యలో వాల్ స్ట్రీట్ అనే ఇరుకులో ఎక్కడానికి గట్టు దొరకదు. తమ్ముడూ, పార్క్‌లో తిరిగే మొదటి షటిల్ బస్సుకే వెళ్ళి, వాల్ స్ట్రీట్ రాకముందే వెనక్కి తిరుగు. ఆ కాలంలో ఉరుములు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే. పోతే, చేతికర్ర మరిచిపోకు. అడుగున రాళ్ళు పాచిపట్టి జారుతాయి.

ఎగువగట్టు:
‘మూయలేదు’ అన్న మాటే నన్ను భయపెడుతోంది. 2015 సెప్టెంబరు 14న అదే జయాన్‌లో కీహోల్ కాన్యన్ అనే మరో ఇరుకు సందులో వరదకి ఏడుగురు పోయారు. వాళ్ళు పర్మిట్ తీసుకునే వెళ్ళారు. ఆరోజు అంచనా ‘ప్రాబబుల్’ (వచ్చే అవకాశం ఎక్కువ). నీకు చెప్పిన దానికి ఒక్క మెట్టు పైన, అంతే.

బాటసారి:
కీహోల్ సంగతి నాకు తెలీదండీ. కానీ ఆ ఒక్క మెట్టుకి విలువ లేదంటే అసలు అంచనాలు వెయ్యడం ఎందుకు?

నీటిచప్పుడు:
ఇద్దరూ అంచనా దగ్గరే ఆగిపోయారు. లోపలికి వెళ్ళాక చూడాల్సింది నీటి రంగు. తేటనీరు ఉన్నట్టుండి బురదగా మారినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొచ్చినా, హోరు పెరుగుతున్నా ఫోటోలు ఆపి గట్టెక్కాలి. దిగువకి పరిగెత్తితే వరద మనకంటే ముందుంటుంది. నాలుగడుగుల ఎత్తు దొరికినా నయమే. ఇంకోటి, ఆ నీళ్ళు తాగొద్దు. 2020లో అందులో విషపు నాచు బయటపడింది.

బాటసారి:
సరే. పొద్దున రేంజర్లని అడుగుతాను. ‘ప్రాబబుల్’ అంటే దిగను. ‘పాజిబుల్’ అంటే వాల్ స్ట్రీట్ ముందే తిరుగుతాను, పదకొండింటికల్లా గట్టుమీద ఉంటాను. ఎగువగట్టు గారూ, దీనికైనా ఒప్పుకుంటారా?

ఎగువగట్టు:
ఒప్పుకోను. అక్కడ ప్రతి మలుపులోనూ ‘ఇంకొక్కటి చూసొద్దాం’ అనిపిస్తుంది. వెళ్ళేట్టయితే ఆ పదకొండు గంటల మాట ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పి వెళ్ళు.