ఎస్‌వీఎన్ సర్వర్‌ని బయటినుంచి వాడాలంటే వీపీఎన్నా, ఎస్‌ఎస్‌హెచ్చా?

ప్రశ్న:
మా సబ్‌వర్షన్ (ఎస్‌వీఎన్, కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే సాఫ్ట్‌వేర్) సర్వర్ ఆఫీసులో ఒక లినక్స్ మెషీన్ మీద ఉంది. ఇన్నాళ్లూ లోపలి నెట్‌వర్క్‌లో ఉత్త ఎస్‌వీఎన్‌సర్వ్‌తోనే (సబ్‌వర్షన్‌తో వచ్చే చిన్న సర్వర్ ప్రోగ్రామ్) నెట్టుకొచ్చాం. ఇప్పుడు ఇద్దరు ఇంటినుంచి పనిచేస్తారు, ఒక కాంట్రాక్టర్ కూడా చేరుతున్నాడు. "పాస్‌వర్డ్ ఎలాగూ ఉందిగా, రౌటర్‌లో 3690 పోర్టు తెరిచెయ్" అంటున్నాడు మావాడొకడు (ఎస్‌వీఎన్‌సర్వ్ వాడే పోర్టు అదే). నాకు మనసొప్పడం లేదు. కాంట్రాక్టర్‌కి ఒక్క రిపాజిటరీ (ఒక ప్రాజెక్టు కోడ్ నిల్వ) తప్ప ఇంకేమీ కనపడకూడదు.

జవాబు 1:
తెరవకండి. ఎస్‌వీఎన్‌సర్వ్ లాగిన్‌కి వాడే క్రామ్-ఎమ్‌డీ5 పద్ధతి వల్ల పాస్‌వర్డ్ నేరుగా బయటపడదు గానీ, కోడ్ మొత్తం ఎన్‌క్రిప్షన్ లేకుండానే పోతుంది. పైగా సర్వర్‌లోని పాస్‌వర్డ్ ఫైల్ ఎవరు తెరిచినా చదవగలరు. వైర్‌గార్డ్ (బయటివాళ్లని ఎన్‌క్రిప్ట్ చేసిన దారిలో ఆఫీసు నెట్‌వర్క్‌లోకి కలిపే వీపీఎన్) పెట్టుకోండి, కెర్నల్ 5.6 నుంచి లినక్స్‌లోనే ఉంది.

జవాబు 2:
ఇంటినుంచి పనిచేసే మీవాళ్లిద్దరికీ వైర్‌గార్డ్ సరే. కాంట్రాక్టర్‌కి మాత్రం నేనివ్వను. ఎవరి ల్యాప్‌టాప్‌నో నెట్‌వర్క్‌లోకి రానిచ్చి, ఆపైన ఫైర్‌వాల్ రూల్స్ రాయడమంటే చుట్టాన్ని ఇంట్లోకి పిలిచి గది గదికీ తాళం వేసుకోవడమే.

నా ఓటు ఎస్‌ఎస్‌హెచ్‌కే (వేరే మెషీన్‌లోకి ఎన్‌క్రిప్షన్‌తో లాగినయ్యే పద్ధతి). సర్వర్‌లో ఒకే అకౌంట్ చేసి, అందరి పబ్లిక్ కీలూ (పాస్‌వర్డ్‌కి బదులు వాడే కీ జతలో సర్వర్‌కి ఇచ్చే సగం) దాని ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌లో (ఎవరిని రానివ్వాలో చెప్పే జాబితా) పెట్టండి. ప్రతి కీకీ ముందు ఒక కమాండ్ కట్టేయండి: ఎస్‌వీఎన్‌సర్వ్ టన్నెల్ మోడ్‌లో (ఆ ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ లోపలే) మొదలవ్వాలి, టన్నెల్ యూజర్‌గా ఆ మనిషి పేరే ఉండాలి. అప్పుడు కమిట్ లాగ్‌లో (మార్పుల చిట్టాలో) ఎవరి పేరు వాళ్లదే పడుతుంది, షెల్ (కమాండ్లు టైప్ చేసే చోటు) మాత్రం ఎవరికీ దొరకదు. కాంట్రాక్టర్ కమాండ్‌లో రూట్‌గా (కనపడే పైస్థాయి ఫోల్డర్‌గా) ఆ ఒక్క రిపాజిటరీ ఫోల్డర్‌నే ఇవ్వండి. అదే లైన్‌లో 'రిస్ట్రిక్ట్' అని చేర్చితే పోర్ట్ ఫార్వర్డింగ్, టెర్మినల్ అన్నీ బంద్ (ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.2 లేదా ఆపైది కావాలి). ఆ మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ పాస్‌వర్డ్ లాగిన్ తీసేయడం మరిచిపోకండి. అది ఉంటే ఈ కట్టడి అంతా దండగ.

ప్రశ్న అడిగినవారు:
ఇది నచ్చిందండీ. కానీ మావాళ్లలో సగం మంది విండోస్, టార్టాయిస్ (విండోస్‌లో ఎస్‌వీఎన్ వాడే ప్రోగ్రామ్). పాత చెకౌట్లు (తమ మెషీన్‌లోకి దింపుకున్న కాపీలు) మళ్లీ చేసుకోవాలా?

జవాబు 2:
అక్కర్లేదు, రీలొకేట్ (పాత కాపీకి కొత్త సర్వర్ చిరునామా చెప్పడం) చేస్తే చాలు. కాకపోతే ఎస్‌ఎస్‌హెచ్‌కి మారాం కాబట్టి యూఆర్‌ఎల్ మారుతుంది, అందరికీ ముందే చెప్పండి. టార్టాయిస్ వాళ్లు కీని పుట్టీజెన్ అనే టూల్‌తో పీపీకే ఫైల్‌గా మార్చి, కీలు గుర్తుపెట్టుకునే పేజెంట్ ప్రోగ్రామ్‌లో వేసుకోవాలి. తొలిసారి కాస్త విసుగే.

జవాబు 3:
ఎస్‌ఎస్‌హెచ్ వాడే 22వ పోర్టుని ఆపేసే నెట్‌వర్క్‌లలోంచి పనిచేసేవాళ్లుంటే అపాచీ (వెబ్ సర్వర్) మీద హెచ్‌టీటీపీఎస్ కూడా చూడండి. సెటప్ పని ఎక్కువ, కానీ దాని పోర్టు 443 దాదాపు అన్నిచోట్లా తెరిచే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
అలాంటివాళ్లు లేరు. ఎస్‌ఎస్‌హెచ్‌తోనే వెళ్తున్నా. కాంట్రాక్టర్ వెళ్లిపోయాక తన కీ ఉన్న లైన్ తీసేస్తే సరిపోతుందిగా?

జవాబు 2:
కొత్త కనెక్షన్లకి సరిపోతుంది. అప్పటికే నడుస్తున్న సెషన్ ఉంటే దాన్ని విడిగా చంపాలి.